లోతు అమర్చిన చెయ్యి

టార్పెడో వర్క్‌షాపు క్వార్టర్సు,
ఫిబ్రవరి 4

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఫోను చేస్తే నువ్వు "సిగ్నల్ లేదక్కా" అంటావు, నేను ఏడుస్తాను, మాట అక్కడితో తెగిపోతుంది. అందుకే ఈ కాగితం. మీ రేవుకు వారానికోసారి వచ్చే సరుకుల లారీ డ్రైవరు చేతికి ఇస్తున్నాను. జవాబు కూడా ఆయనకే ఇవ్వు, టపాలో వేయకు.

నన్ను స్టోరు గది నుంచి పరీక్ష బల్ల దగ్గరికి మార్చారు. బావ పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చారు గానీ ఆయన బల్ల ఇవ్వలేదు. నాలుగేళ్లు బోల్టులు తుడిపించారు. ఇప్పుడు నౌకాదళ విన్యాసాలకు వెళ్లే ప్రతి టార్పెడో నా సంతకంతోనే గుమ్మం దాటాలి. ఇవి పేలేవి కావు, ముక్కుకు నారింజ రంగు పూసిన ఉత్తుత్తివి. ఓడ అడుగు కింద నుంచి దూసుకుపోయి, ఇంధనం అయిపోయాక పైకి తేలాలి. పడవలో వెళ్లి కొక్కెం తగిలించి లాక్కొస్తారు. బల్ల మీద లోతు అమర్చడం, పడవలో వెళ్లి లాక్కురావడం, రెండూ బావ పనులే. ప్రాణం పోయిందీ ఆ పడవలోనే.

ఇంకో కబురు. జూన్‌లో జరిగే పెద్ద విన్యాసాలను నడిపించేది ఎవరనుకున్నావు? నెమలి! అద్దం కనబడితే మీసం దువ్వుకోనిదే అడుగు వేయని మీ పాత కెప్టెను. ఆ రోజు మీ జలాంతర్గామి నుంచి టార్పెడో వదలమన్నది అతనే. ఇరవై మీటర్ల లోతున పోవలసింది నీటి మీదికొచ్చి బావ పడవను చీల్చింది. విచారణ కాగితంలో చివరి వాక్యం నాకు కంఠతా వచ్చు: "తప్పు లోతు అమర్చిన చేతిదే." అంటే బావదే. చచ్చినవాడు నోరెత్తడు కదా.

ఆ రోజు నువ్వు ఆ జలాంతర్గామిలోనే ఉన్నావు. నీళ్లలో చప్పుళ్లు వినడమే నీ ఉద్యోగం. ఏం విన్నావని ఎప్పుడడిగినా "నా డ్యూటీ కాదు, పడుకున్నాను" అంటావు. మళ్లీ అడుగుతున్నాను. ఊరంత వినే చెవులుండి అక్క మాట ఒక్కటే వినబడదా నీకు?

న్యాయం అడిగి అడిగి నా నోరెండిపోయింది. ఇప్పుడు నాకది వద్దు. ఆ నెమలి ఈకలు ఒక్కొక్కటీ ఊడిపోతుంటే నా కళ్లతో నేను చూడాలి.

అక్క

*

జలాంతర్గాముల రేవు, మెస్సు గది,
ఫిబ్రవరి 21

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీ కోపం నాకు లేదనుకోకు. నా పగ తీర్చుకునే దారి వేరు.

విన్యాసాల్లో మాది శత్రుపక్షం. నెమలి ఉండే పెద్ద ఓడను వెతికి ముంచడం మా పని, ముంచడమంటే కాగితం మీదనే. అక్కా, ఈ రోజుల్లో సముద్రం మీద పెద్ద ఓడంటే సంతలో ఏనుగు. అందరూ చూస్తారు, అది మాత్రం ఎక్కడా దాక్కోలేదు. మనిషి లేకుండా దూరం నుంచి నడిపే చిన్న పడవలు పది చాలు దాని నడుం విరగ్గొట్టడానికి. ఆ ఓడ సోనార్ నలభై కిలోమీటర్లు వింటుందని బొమ్మల పుస్తకాల్లో వేస్తారు. ఎండకు పైనీళ్లు వేడెక్కి, అడుగున చల్లగా ఉన్నప్పుడు శబ్దం ఆ పొర దగ్గర వంగిపోతుంది. పొర కింద మేం కూర్చుంటే నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్నా వాళ్లకు తెలియదు.

కిందటి విన్యాసాల్లో పెరిస్కోపులోంచి వాళ్ల డెక్కు మీద ఆరేసిన బనీన్లు కూడా లెక్కపెట్టాం. ఫొటో తీశాం. నిర్ణేత ఏమన్నాడో తెలుసా? "మీరు రావలసిన టైము పదిన్నర. తొమ్మిదిన్నరకే వచ్చారు కాబట్టి చెల్లదు" అన్నాడు. శత్రువు కూడా కార్యక్రమం చూసుకుని రావాలట!

ఈసారి అతిథుల ముందే ముంచుతాను. ఒకసారి కాదు, రెండుసార్లు. నెమలి పరువు నీళ్లపాలు చేస్తాను. ఆ సంగతి నాకు వదిలెయ్.

ఆ రోజు గురించి మళ్లీ అడిగావు. చెప్పాను కదా, నా డ్యూటీ కాదు.

తమ్ముడు

*

టార్పెడో వర్క్‌షాపు క్వార్టర్సు,
మార్చి 15

తమ్ముడూ,

కాగితం మీద ముంచితే వాడికి జలుబు కూడా చేయదురా. నిర్ణేత ఎవరి వైపు మాట్లాడాడో నువ్వే రాశావు. ఇక నీ రెండుసార్లు ఎవడు లెక్కపెడతాడు? డ్రోన్లూ పొరలూ అంటూ నాలుగు పేరాలు రాసి, నేనడిగినదానికి ఒక్క ముక్కలో తప్పుకున్నావు. నీ వాదన ఒప్పుకుంటాను, పెద్ద ఓడల కాలం చెల్లిపోయిందనే అనుకుందాం. చిన్న పడవైనా, డ్రోనైనా, దాన్ని ఒక మనిషి పరీక్ష చేసి "బాగుంది" అనాలి. ఆ మనిషి మాటకు విలువ లేనిచోట ఏ ఆయుధమైనా ఇనప తుక్కే.

నిన్న నెమలి వర్క్‌షాపు చూడ్డానికి వచ్చాడు. వెనకాల పదిమంది. నా బల్ల దగ్గర ఆగాడు. మా ఫోర్‌మన్ వాడి చెవిలో ఏదో చెప్పాడు.

"ఓ, ఆ మెకానిక్ భార్య మీరేనా?" అన్నాడు.

"అవును సార్."

"పొరపాటు ఎవరైనా చేస్తారమ్మా. మీ ఆయన్ని నేను ఎప్పుడో క్షమించేశాను. మీరు కూడా మనసులో ఏం పెట్టుకోకండి."

క్షమించాడట! నా చేతిలో స్పానర్ ఉంది. దాన్ని బల్ల మీద ఎంత మెల్లగా పెట్టానంటే చప్పుడు కూడా కాలేదు. "థాంక్యూ సార్" అన్నాను. ఆ మాట అన్న నోటిని ఇంటికొచ్చి సబ్బు పెట్టి కడుక్కున్నాను.

ఇక పని మాట. టార్పెడో తన లోతు తాను తెలుసుకునేది లోపలున్న చిన్న ఒత్తిడి డబ్బాతో. మామూలు పరీక్ష పది నిమిషాలు. పంపుతో ఒత్తిడి పెడితే ముల్లు లేస్తుంది, తీస్తే దిగుతుంది, పాస్. బావ తన నోటుబుక్కులో వేరే పరీక్ష రాసుకున్నాడు. చన్నీళ్లలో, యాభై మీటర్ల ఒత్తిడి మీద, రెండు గంటలు నానబెట్టాలి. అలా నానితే కొన్ని డబ్బాల్లో ముల్లు యాభై దగ్గర పట్టేసి దిగడం లేదట. అప్పుడు టార్పెడో ఇరవై మీటర్లలో ఉండి కూడా యాభైలో ఉన్నాననుకుంటుంది. పైకి, ఇంకా పైకి వచ్చేస్తుంది. వదిలే ముందు మీ జలాంతర్గామి గొట్టంలో అది నానేది సరిగ్గా అలాగే కదా?

"కెప్టెన్‌కు చెప్పాను. గెస్టులు వచ్చే టైములో ఇవన్నీ ఏమిటన్నారు." బావ రాసిన ఆఖరి వాక్యం ఇది. ఆ పుస్తకాన్ని విచారణ వాళ్లు సాక్ష్యంగా తీసుకోలేదు. ఇంట్లో రాసుకున్నదట.

తమ్ముడూ, ఇదే ఆఖరుసారి అడగడం. ఏం విన్నావు?

అక్క

*

జలాంతర్గాముల రేవు,
ఏప్రిల్ 6

అక్కా,

మూడు వారాలుగా రాయడం, చించడం. ఇది చించను.

ఆ రోజు డ్యూటీ నాదే.

లోతున తిరిగే ప్రొపెల్లరు గొంతు మెత్తగా ఉంటుంది. నీటి పైకి వచ్చేకొద్దీ బుడగలు పగిలి, పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చిటపటలాడుతుంది. వదిలిన నిమిషానికే ఆ చిటపట నా చెవుల్లో పడింది. "సార్, పైకి వచ్చేస్తోంది. పడవకు చెప్పాలి" అన్నాను. నెమలి నా వెనకే నిలబడి ఉన్నాడు. "నువ్వు విన్నది అల. అతిథులు చూస్తున్నారు. నోర్మూసుకుని కూర్చో" అన్నాడు.

నోర్మూసుకుని కూర్చున్నాను. నలభై సెకన్లు. పడవ పక్కకు తిరగడానికి ఇరవై చాలు. పడవలో బావ ఉన్నాడని నాకు తెలుసు. పొద్దున జెట్టీ మీద నా భుజం చరిచి మరీ వెళ్లాడు. పడవతో మాట్లాడే నీళ్ల లోపలి టెలిఫోను నా చేతికందేంత దూరంలో ఉంది.

తర్వాత చిట్టాపుస్తకంలో ఆ పేజీ చించేశారు. డ్యూటీ పట్టీలో నన్ను విశ్రాంతిలో ఉన్నట్టు చూపించారు. దాని కింద నేను సంతకం చేశాను. ఆ మరుసటి ఏడే నాకు ప్రమోషన్ వచ్చింది. నువ్వు మిఠాయి పంచావు.

నన్ను తిట్టు, కొట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

తమ్ముడు

*

ఏప్రిల్ 14

నలభై సెకన్లు.

గడియారం ముందు కూర్చుని లెక్కపెట్టాను. ఎంతసేపో తెలుసా? స్టవ్ వెలిగించి, పాల గిన్నె ఎక్కించి, కిటికీ తెరిచి వచ్చాను. ఇంకా అయిపోలేదు.

నాలుగేళ్లు నా ఇంట్లో తిన్నావు. గోడ మీద ఆయన ఫొటో కింద కూర్చుని తిన్నావు. "బావ అలా చేశాడంటే నేను నమ్మనక్కా" అని నా కన్నీళ్లు తుడిచావు. పగవాడు నెమలి ఒక్కడేననుకున్నాను. సగం వాటా నా తోడబుట్టినవాడిదని ఇప్పుడు తెలిసింది.

ఇక నాకు రాయకు.

*

జలాంతర్గాముల రేవు,
మే 20

అక్కా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. డ్రైవరు నా ఉత్తరాలు రెండు తెరవకుండానే తిరిగి తెచ్చాడు. దీని కవరు మీద ఎర్ర సిరాతో "విన్యాసాలు" అని రాశాను. ఇదైనా తెరుస్తావని.

మా జలాంతర్గామికి కేటాయించిన టార్పెడోల జాబితా వచ్చింది. అతిథుల ముందు నెమలి ఓడ కింద నుంచి పంపేది పన్నెండో నంబరు. పరీక్ష చేసేది నువ్వు. వదిలేది మేము. చెవులు రిక్కించి వినేది నేను. ఓడ మీద ఉండేది వాడు.

నువ్వేం ఆలోచిస్తున్నావు? ఆ ఓడలో నెమలి ఒక్కడే కాదు, మూడువందల మంది ఉన్నారు. వాడు నిలబడేది అన్నిటికన్నా పై అంతస్తులో. దెబ్బంటూ తగిలితే తగిలేది కింద, ఇంజన్ల దగ్గర పనిచేసేవాళ్లకు. నీ చేతి మీద నాకు అనుమానం లేదు, నీ కడుపు మంటంటేనే భయం.

ఆ డబ్బాను నానబెట్టి చూశావా? ఒక్క ముక్క రాయి.

తమ్ముడు

*

టార్పెడో వర్క్‌షాపు,
జూన్ 2

తమ్ముడికి,

నానబెట్టాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ ముల్లు యాభై దగ్గర పట్టేసింది. నేను దాన్ని ముట్టుకోలేదు, స్క్రూ కూడా తిప్పలేదు. నేను చెడగొడతానని భయపడ్డావు కదూ? అది పుట్టుకతోనే చెడింది. బావ నాటి డబ్బాలూ ఇదీ ఒకే సరఫరా సరుకు.

తిరస్కరించాను. ఎర్ర చీటీ కట్టాను. వేరే డబ్బా రావడానికి మూడు వారాలు పడుతుంది. ఫోర్‌మన్ తెల్లబోయి నెమలికి కబురు పెట్టాడు. మధ్యాహ్నానికి స్వయంగా దిగాడు.

"ఏమిటమ్మా ఇది? రూలు ప్రకారం పది నిమిషాల పరీక్ష పాసయింది కదా?"

"నానబెడితే ఫెయిలవుతోంది సార్. వదిలితే పైకొస్తుంది."

"మీ ఆయన కూడా ఇలాంటి కథలే చెప్పేవాడు. తన తప్పు డబ్బా మీదికి నెట్టాలని చూశాడు."

తమ్ముడూ, ఆ మాటతో వాడి నోటి నుంచే తేలింది, బావ వాడికి ముందే చెప్పాడని. పదిమంది విన్నారు. నేను తలెత్తలేదు.

"అయితే నేను సంతకం చేయను సార్. మీరే చేయండి. నా తిరస్కారం చదివాననీ, అయినా పంపమంటున్నాననీ రాతలో ఇవ్వండి."

చుట్టూ వాడి మనుషులు. ఆడకూతురు, అందులోనూ ఆ మెకానిక్ పెళ్లాం, నలుగురిలో సవాలు చేసింది. వెనక్కి తగ్గితే మీసం ఏమవుతుంది? జేబులోంచి బంగారు రంగు పెన్ను తీసి, రెండు వరుసలు రాసి, ఈ చివర నుంచి ఆ చివరకు సంతకం గీశాడు. మూడు నకళ్లు తీయించాను. ఒకటి మా ఆఫీసులో ఉంది, ఒకటి నా దగ్గర, మూడోది దీనితో పంపుతున్నాను.

మీ కెప్టెన్‌కు చూపించు. ఈసారి నీ చెవుల్లో పడ్డదంతా, సెకన్లతో సహా, రాయి. ఎవడు చించమన్నా చించకు. నా చేయి చేయవలసింది చేసింది.

అక్క

*

జలాంతర్గాముల రేవు,
జూన్ 19

అక్కా,

ఈపాటికి పేపర్లో చదివే ఉంటావు. పేపర్లో లేనిది రాస్తున్నాను.

నువ్వు పంపిన నకలు మా కెప్టెన్‌కు చూపించాను. ఆయన మొహం మాడిపోయింది. ముందురోజే పెద్ద ఓడకు సందేశం పంపారు, ఈ టార్పెడో వద్దు, వదిలినట్టే కాగితం మీద లెక్క వేసి సరిపెడదాం అని. పొద్దున నీళ్ల లోపలి టెలిఫోనులో మళ్లీ అడిగారు. నెమలి గొంతు గదంతా వినబడింది: "సంతకం నాది. కార్యక్రమం ప్రకారం వదలండి." మా కెప్టెన్ ఆ మాట చిట్టాలో ఎక్కించి, టార్పెడోను లాక్కొచ్చే పడవను దూరంగా పంపించేసి, వదిలారు.

యాభై రెండో సెకనులో చిటపట మొదలైంది. ఈసారి నేను గొంతు చించుకున్నాను. "పైకి వస్తోంది! ఓడను తప్పుకోమనండి!" మా కెప్టెన్ టెలిఫోనులో ఆ మాటే మూడుసార్లు అన్నారు. ఓడ దారి మార్చలేదు. తొంభై ఆరో సెకనులో ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు. చెవి తొడుగులు తీసేసినా ఆ మోత పోలేదు. నేను రాసిన పేజీ కింద కెప్టెన్ సంతకం, దాని కింద నాది.

ప్రొపెల్లరు రెక్క విరిగింది, చుక్కాని వంగిపోయింది. అంతటి ఓడను రెండు టగ్గు పడవలు ఈడ్చుకుంటూ రేవుకు తెచ్చాయి. గట్టు మీద దేశదేశాల అతిథులు, కెమెరాలు. నెమలి నిచ్చెన దిగుతుంటే సెల్యూట్ చేయడానికి ఒక్క చెయ్యీ లేవలేదు. చూడాలన్నావు. నువ్వు గట్టు మీద ఉన్నావని డ్రైవరు చెప్పాడు.

నాలుగేళ్ల క్రితం పేజీ ఎవరు చించారో, నేనెక్కడ కూర్చున్నానో, ఎన్ని సెకన్లు నోర్మూసుకున్నానో విచారణలో మొత్తం చెప్పేశాను. నా ప్రమోషన్ పోయింది. ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు.

చుక్కాని గదిలో ఉన్న ఒక నావికుడి ఎడమ చెయ్యి ఇరుసులో పడి నాలుగు వేళ్లు పోయాయి. ఆయన ఎడమచేతి వాటం మనిషి.

ఇప్పుడు నేను అడుగుతాను. బావ పోయాక మీ వర్క్‌షాపు గోడకు ఎర్ర ఫోను పెట్టారు. ప్రమాదాలు చూసే భద్రతా విభాగానికి నేరుగా పోతుంది. బల్ల దగ్గర ఎవరు ఎత్తి "ఆపండి" అన్నా ఆగిపోతుంది, నెమలి పైనున్నవాళ్లు కూడా కాదనలేరు. నువ్వు సంతకం చేయలేదని రాశావు, నకళ్లు తీయించానని రాశావు. ఫోను గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అక్కా, ఆ ఫోను ఎత్తావా?

తమ్ముడు

*

టార్పెడో వర్క్‌షాపు క్వార్టర్సు,
జూలై 27

తమ్ముడూ,

ఎత్తలేదు.

నా బల్ల నుంచి ఆరడుగులు. నెమలి వెళ్లిపోయాక దాని ముందు నిలబడ్డాను. ఎత్తితే టార్పెడో ఆగుతుంది, డబ్బా మారుతుంది, విన్యాసాలు ముగుస్తాయి, నెమలి శాలువా కప్పించుకుంటాడు. బావ దోషిగానే మిగిలిపోతాడు. నీ నలభై సెకన్లకు నిన్ను నానా మాటలు అన్నాను. నాకు పదిహేను రోజులున్నాయి. ప్రతిరోజూ ఆ ఫోను పక్కనుంచే నడిచాను. నువ్వు భయపడి ఊరుకున్నావు. నేను కావాలని ఊరుకున్నాను. మనిద్దరిలో ఎవరు ఎక్కువో తూచే ఓపిక నాకు లేదు.

విచారణలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. అందరూ నన్ను మెచ్చుకోవడంలో ఉన్నారు. చివర్లో అధ్యక్షుడు "ఇంకేమైనా చెప్పాలా అమ్మా?" అన్నప్పుడు నేనే చెప్పాను. మొన్న ఉత్తర్వులు వచ్చాయి. నెమలిని ఉద్యోగం నుంచి తీసేశారు. బావ మీద రాసిన వాక్యం కొట్టేశారు. డబ్బాలన్నీ వెనక్కి పంపుతున్నారు. నన్ను బల్ల నుంచి, వర్క్‌షాపు నుంచి పూర్తిగా తప్పించారు. వచ్చే నెలాఖరుకు క్వార్టర్సు ఖాళీ చేయాలి.

నెమలి విషయంలో నాకు రవ్వంత బాధ లేదు. గట్టు మీద నిలబడి, వాడు దిగిన మెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాను. పద్నాలుగు. ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. మళ్లీ ఆ రోజు వచ్చినా వాడిని అలాగే దించుతాను. అబద్ధం రాయలేను.

నీ విషయం ఇంకా తేల్చుకోలేదు. క్షమించాననే మాట వాడి నోట విన్నప్పటి నుంచి నాకు పడదు. కానీ ఇల్లు మారేటప్పుడు సామాను మోయడానికి మనిషి కావాలి. నువ్వు రా.

చేతికి దెబ్బ తగిలిన ఆయన్ను చూడ్డానికి ఆసుపత్రికి వెళ్తున్నాను. మొదటి రోజు ఆయన భార్య నా చేతులు పట్టుకుని, "మీరొక్కరే వద్దన్నారట కదండీ, మీలాంటివాళ్లు ఉండబట్టే" అంటూ ఏడ్చింది. కుడిచేత్తో రాయడం నేర్చుకుంటున్నాడాయన. పలక పట్టుకుని కూర్చోవడం నా పని. అక్షరాలు వంకరటింకరగా పోతే ఆయనే నవ్వుతాడు.

నాలుగో రోజు ఇక ఉండబట్టలేక ఆ ఫోను సంగతి చెప్పేశాను. ఆయన గోడవైపు తిరిగాడు. భార్య పలక నా ఒళ్లోంచి తీసుకుంది.

"రేపటి నుంచి రాకండి" అన్నాడాయన.

నిన్న వెళ్లలేదు. ఇవాళ వెళ్లాను. తలుపు తీయలేదు, బయట బల్ల మీద కూర్చుని వచ్చాను. రేపు కూడా వెళ్తాను.

అక్క